పక్కనున్నవాడే మందు
ఎండలోనూ చలిలోనూ ఒక పాత ఓవర్‌మన్ నేర్చుకున్న పాఠాలు

ఆదిలాబాద్ జిల్లా ఒకటిగా ఉన్న రోజుల్లో, దాని తూర్పు వైపు బొగ్గు ఊళ్లలో నా ఉద్యోగమంతా గడిచింది. కొంతకాలం భూమి లోపలి బాయిల్లో, తర్వాత ఓపెన్‌కాస్టులో. ఓవర్‌మన్ అంటే షిఫ్టు మొదట్లో మనుషుల్ని పనిలోకి దించి, షిఫ్టు అయ్యాక అందర్నీ లెక్క చూసుకుని ఇంటికి పంపేవాడు. మాది చిత్రమైన నేల. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటే చోటే, సంక్రాంతి ముందు నైట్ షిఫ్టుకు పోతుంటే పళ్లు టకటకలాడతాయి. పడమటి గుట్టల్లో సిర్పూర్ (యు) లాంటి చోట్ల కొన్నేళ్లు రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఎండకూ చలికీ ఒకే మనుషుల్ని అప్పజెప్పే ఉద్యోగం కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు నాకు దొరికింది. మా కాలనీ పిల్లలు అడిగితే రాస్తున్నాను.

1. ఎండైనా చలైనా ముందు పట్టేది బుద్ధిని

మిగతా పాఠాలన్నీ మరిచినా ఇదొక్కటి మరవకండి. వడదెబ్బ తగలబోయే మనిషి "నాకు వడదెబ్బ తగులుతోంది" అని చెప్పడు. ఒక మాట అడిగితే ఇంకో జవాబిస్తాడు. ఊరికే విసుక్కుంటాడు. ఎప్పుడూ సాఫీగా చేసే పనిలో తడబడతాడు. "నీడకు రా" అంటే "నాకేమైంది?" అని ఎదురు తిరుగుతాడు. ఒంటి లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలు. అది 40 దగ్గరికి పోతుంటే మెదడే మొదట దారి తప్పుతుంది.

చలి కూడా అంతే. లోపలి వేడి 35 కంటే తగ్గితే మనిషి గడగడ వణుకుతాడు. వణికినంత సేపూ కొంత నయం, ఒళ్లు వేడిని పుట్టిస్తోందన్న మాట. వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వచ్చి, చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాకపోతే అది అసలు ప్రమాదం. చలికి చనిపోయినవాళ్లు కొందరు బట్టలు విప్పేసి కనబడతారు. చివరి ఘడియల్లో మెదడుకు వేడి పుట్టినట్టు అనిపిస్తుందట. చూసినవాళ్లు ఎవరో దోచుకున్నారనుకుంటారు.

అందుకే గనుల్లో మనిషిని ఒంటరిగా పనికి పెట్టడానికి మేం ఒప్పుకునేవాళ్లం కాదు. జోడీలో ఒకడి మాట తేడాగా ఉంటే రెండోవాడు గుర్తుపట్టాలి. పొలంలోనైనా, కట్టడం పనిలోనైనా, ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ విషయంలోనైనా ఇదే సూత్రం. ఎవరి సంగతి వాళ్లే చూసుకుంటారులే అన్న మాట ఎండకూ చలికీ పనికిరాదు.

2. డిగ్రీలు సగం కథే చెబుతాయి

భూమి లోపల ఎండ లేదు. అయినా మనుషులు సొమ్మసిల్లేవాళ్లు. కారణం తేమ. ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరిపోవడం. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట కారుతుందే గాని ఆరదు. అందుకే గనుల్లో రెండు థర్మామీటర్లు వాడతాం. ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి ఉంటుంది. ఆ తడి బల్బు లెక్క 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గు గనుల నిబంధన. 30.5 దాటిందా, అక్కడ గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలి. 33 అంటే మీకు నవ్వులాటగా ఉండొచ్చు. తడి బల్బు 33 దగ్గర తట్ట మోసినవాడికి మాత్రం తెలుసు.

దీన్ని బట్టే మచిలీపట్నంలో 38, రామగుండంలో 42 కంటే ఎందుకు ఎక్కువ బాధిస్తుందో అర్థమవుతుంది. వాతావరణ శాఖ కూడా మైదానంలో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు చేరాకే వడగాడ్పుల లెక్క మొదలుపెడుతుంది. అదీ ఆ రోజు మామూలుగా ఉండాల్సినదానికంటే 4.5 డిగ్రీలు పెరిగితేనే. 45 తాకితే ఇక ఈ పోలికలు చూడరు.

ఎండలో తేమ చేసే పనిని చలిలో గాలి చేస్తుంది. 8 డిగ్రీల రాత్రి బైకు మీద 60 వేగంతో పోతే, ఒంటికి తగిలే చలి 2, 3 డిగ్రీలది. నైట్ షిఫ్టు దిగి చేతులకు ఏమీ తొడుక్కోకుండా బండి నడిపినవాళ్లకు బ్రేకు పట్టడానికి వేళ్లు వంగవు.

3. మొదటి వారమే గండం

ఎండలో పడిపోయేవాళ్లలో కొత్తవాళ్లు, సెలవు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉంటారు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ తర్వాత చెమట త్వరగా పడుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. కొన్ని వారాలు ఎండకు దూరంగా ఉంటే ఆ అలవాటు పోతుంది. బావమరిది పెళ్లికి పోయి నెల తర్వాత వచ్చిన పాత కార్మికుడు కూడా ఆ వారం కొత్తవాడే.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ ఒక లెక్క చెప్పింది. కొత్తవాడికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతే. తర్వాత రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. మన మేస్త్రీలు దీనికి తలకిందులుగా చేస్తారు. కొత్త కుర్రాణ్ణి మొదటి రోజే ఎండలో నిలబెట్టి సత్తా చూస్తారు. సత్తా చూడాలనుకుంటే రెండు వారాల తర్వాత చూడండి.

ఇందుకే మే ఎండ కంటే ముందొచ్చే మార్చి చివరి ఎండకు నేను ఎక్కువ భయపడతాను. డిగ్రీలు తక్కువే, కాని ఒళ్లు ఇంకా శివరాత్రి చలిలోనే ఉంటుంది.

4. దప్పిక కోసం ఎదురుచూడొద్దు

గట్టి పని చేసే మనిషికి ఎండలో గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. దప్పిక అయ్యేసరికే ఒళ్లు వెనకబడి ఉంటుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగడం మంచి పద్ధతి. ఒకేసారి చెంబులకొద్దీ మంచినీళ్లు తాగి ఉప్పు ముట్టకపోతే, రక్తంలో ఉప్పు పలచబడి అది వేరే ప్రమాదం. పిక్కలు పట్టేశాయంటే నీళ్లతో పాటు ఉప్పు కూడా తక్కువైందని అనుమానించాలి.

మన పెద్దలు జొన్న అంబలి, రాగి జావ, ఉప్పేసిన పలుచని చల్ల తాగి పొలం పోయింది రుచి కోసమే కాదు. నీళ్లూ ఉప్పూ పిండీ ఒకే గిన్నెలో దొరుకుతాయి. ఓఆర్ఎస్ పాకెట్ ఉంటే అది ఇంకా మేలు. దాని మీద రాసిన కొలతకే కలపాలి. లీటరు పాకెట్‌ను గ్లాసులో కలిపి తాగేవాళ్లు చాలామంది, అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. పాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు చిన్న చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇలాంటి నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి తాగించి కలరా రోగుల్ని బతికించాడు. అంత పేదమందు అంతమందిని నిలబెట్టిందంటే అది మన సంచిలో లేకపోవడానికి సాకు లేదు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి డాక్టరునే అడగాలి.

కల్లు, బీరు సంగతి కూడా చెప్పాలి. బీరు చల్లగా ఉంటుంది గాని ఒంటిని చల్లబరచదు. మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఉన్న నీళ్లను కూడా లాగేస్తుంది.

5. ముందు నీళ్లు పోయండి, తర్వాత బండి ఎక్కించండి

వడదెబ్బ తగిలినవాణ్ణి చూడగానే జనం చేసే మొదటి పని ఆటో వెతకడం. 108కి ఫోన్ చేయాల్సిందే. కాని బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడితే ఆ అరగంటలోనే మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయి. నీడకు లాగండి. బట్టలు వదులు చేయండి. బిందెతోనో పైపుతోనో ఒళ్లంతా నీళ్లు పోయండి. పోస్తూనే విసరండి. ఐసు దొరికితే మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టండి. బండిలో కూడా తడి గుడ్డ తీయొద్దు.

తెలివిలో ఉండి మింగగలిగితేనే నీళ్లు పట్టాలి. సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం గోలీ వేయొద్దు. ఇది జ్వరం కాదు, ఆ గోలీ ఈ వేడిని దించదు. అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రుద్దడం మా దగ్గర వాడుక. రుద్దేవాళ్లను నేను తిట్టను, నీళ్లు పోసే చేతులు వేరే ఉంటే రుద్దుకోనీ. ఉన్న రెండు చేతులూ ఉల్లిగడ్డకే పోతే మాత్రం ఊరుకోను.

ఇంకొక అపోహ ఉంది. చెమట ఆగి ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అంటారు. ఇంట్లో మగ్గిపోయిన ముసలివాళ్లకు అలాగే ఉండొచ్చు. బరువు పని చేస్తూ పడిపోయిన కూలీ మాత్రం చెమటతో తడిసే ఉంటాడు. చూడాల్సింది చెమటను కాదు, మాటను. మొదటి పాఠం అదే కదా.

6. పగటి ఎండ కంటే రాత్రి ఉక్క మొండిది

పగలంతా వేడెక్కిన ఒంటికి రాత్రి విశ్రాంతి కావాలి. రేకుల గదిలో, స్లాబు కింద ఆ విశ్రాంతి దొరకదు. స్లాబు పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. మూడు నాలుగు రాత్రులు అలా గడిచాక, నాలుగో రోజో ఐదో రోజో ముసలివాళ్లు కుప్పకూలతారు. ఎండలో తిరగలేదు కదా, ఇంట్లోనే ఉన్నారు కదా అని ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు.

చేయగలిగినవి ఉన్నాయి. డాబా మీద సున్నం కొట్టడం చవకైన మార్గం, తెల్లదనం ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. పొద్దెక్కగానే కిటికీలు మూసి, చీకటి పడ్డాక తెరవాలి. వట్టివేళ్ల తడికలు, కూలర్లు మా పొడి ఎండల్లో బాగా పనిచేస్తాయి, సముద్రం ఒడ్డున అంతగా కాదు. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే వేసుకుని కూర్చోవద్దు. అది వేడి గాలినే ఒంటికి కొడుతుంది. ఒళ్లు తడుపుకుని కూర్చుంటే ఆ ఫ్యానే పనికొస్తుంది.

7. పొగ రాని కుంపటినే అనుమానించండి

బొగ్గు ఊరి చలికి ఇది ప్రత్యేకమైన గండం. చలికాలం రాత్రి కుంపటి రాజేసి, బయట పెట్టి, పొగ పోయి నిప్పులు ఎర్రబడ్డాక గదిలోకి తెచ్చి తలుపులు బిగిస్తారు. పొగ పోయింది కాబట్టి భయం లేదనుకుంటారు. నిప్పులు కాలుతూ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. పట్టు ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిది. తల నొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం, తర్వాత నిద్ర. లేచి తలుపు తీద్దామన్నా కాళ్లు సహకరించవు. ఇక్కడ కూడా ముందు పోయేది బుద్ధే.

గనుల్లో మాకు ఈ గాలి పాత శత్రువు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెప్పాక, దీన్ని పసిగట్టడానికి కెనరీ పిట్టల్ని గనుల్లోకి తీసుకుపోయేవాళ్లు. మనిషి కంటే ముందు పిట్ట వాలిపోతుంది. తర్వాత యంత్రాలు వచ్చాయి. మన పడకగదిలో పిట్టా లేదు, యంత్రమూ లేదు. కాబట్టి పడుకునే గదిలో కుంపటి వద్దు. చలి కాచుకోవాలంటే ఆరుబయట. చలిమంట దగ్గర కూడా చీర కొంగు, దుప్పటి అంచు చూసుకోండి. మంట తమ మీదికి పాకింది ముసలమ్మలకు ఆలస్యంగా తెలుస్తుంది.

8. చలి ఎక్కువగా నిశ్శబ్దంగా తీసుకుపోతుంది

ఎండ చావులు పేపర్లో పడతాయి. చలి చావులు గుండెపోటు పేరుతో, పక్షవాతం పేరుతో, న్యుమోనియా పేరుతో పోతాయి. 2015లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 13 దేశాల్లో 7 కోట్ల 40 లక్షల మరణాలను లెక్కగట్టారు. చలికి ముడిపడినవి 7.29 శాతం, వేడికి ముడిపడినవి 0.42 శాతం. అందులోనూ భయంకరమైన చలి రోజుల కంటే మామూలు చలి రోజులే ఎక్కువ మందిని తీసుకుపోయాయి. మన దేశం ఆ లెక్కలో లేదు. అయినా కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెకు బరువు పెరుగుతుంది.

డిసెంబరు, జనవరిల్లో నా ఈడువాళ్లకు నేను చెప్పేది ఒకటే. తెల్లవారుజామున మంచులో వాకింగ్ మానండి. పొద్దెక్కాక నడవండి. రాత్రి మూత్రానికి లేస్తే దుప్పటి తీసేసి ఒక్కసారిగా బయటికి పోవద్దు, కాసేపు మంచం మీద కూర్చుని, తలకు ఏదైనా చుట్టుకుని పోండి.

పసిబిడ్డ సంగతి వేరు. అప్పుడే పుట్టిన బిడ్డకు వణకడం కూడా సరిగా రాదు. ఏజెన్సీ ఊళ్లలో చలికాలం కాన్పు అయితే, బిడ్డకు వెంటనే స్నానం చేయించొద్దు, కనీసం ఒక రోజు ఆగాలి. ఒళ్లు తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు ఆనించి పైన గుడ్డ కప్పాలి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు సరిపోక డాక్టర్ ఎడ్గార్ రే ఈ పద్ధతి మొదలుపెడితే, ఇప్పుడు లోకమంతా కంగారూ మదర్ కేర్ అంటోంది.

9. పొడిగా ఉన్నదే వెచ్చన

మా వైపు కురుమలు నేసే గొంగడి చలికాలంలో ఇంటి ఆస్తి. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా వదలదు. నూలు బట్ట తడిస్తే ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అందుకే పని చేసి చెమట పట్టిన బనియన్‌తోనే చలిలోకి పోవద్దు. ఒక మందపాటి చొక్కా కంటే రెండు మూడు పలుచనివి ఒకదాని మీద ఒకటి మేలు, మధ్యలో నిలిచే గాలే వెచ్చదనం.

మా మనవరాలు అమెరికాలో మినియాపొలిస్‌లో చదువుకుంటోంది. అక్కడి చలి మన ఊహకు అందదు. గాలి కలిపి ఒంటికి తగిలే చలి మైనస్ 28 దాకా పోతే, అరగంటలో ముక్కు, చెవులు, వేళ్లు గడ్డకట్టొచ్చు. తెల్లబడి స్పర్శ పోయిన వేలిని రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు, గోరువెచ్చని నీళ్లలో ముంచి డాక్టరు దగ్గరికి పోవాలని దానికి చెప్పాను. "తెలుసు తాతయ్యా, కాలేజీలో మొదటి వారమే చెప్పారు" అంది. అక్కడ చలి కూడా సిలబస్‌లో ఉందన్న మాట. మన బడుల్లో వడదెబ్బ ఉండాలి.

చలికి మందు కొడితే వెచ్చన అనేవాళ్లకు ఒక మాట. సారా చర్మం దగ్గరి రక్తనాళాలను తెరుస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది.

10. మందుల చీటీని ఎండాకాలం ముందు ఒకసారి చూపించండి

మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ గోలీలు, గుండె వేగం తగ్గించే గోలీలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఒళ్లు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. సొంతంగా మానేయొద్దు. మార్చిలో డాక్టరుకు చీటీ చూపించి "ఎండల్లో ఏమైనా మార్చాలా" అని అడగండి. ఇన్సులిన్ వాడేవాళ్ల ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, సీసాను మూత ఉన్న డబ్బాలో పెట్టి, తడి మట్టికుండలో ఉంచితే కొంత కాపాడుతుంది.

11. గడియారం జరిపితే ప్రాణం నిలుస్తుంది

2015 మే నెల ఎవరూ మరిచిపోరు. దేశంలో 2 వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. అందులో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లే. పోయినవాళ్లలో ఎక్కువ మంది కూలీలు, వయసు మళ్లినవాళ్లు, గూడు లేనివాళ్లు. ఏసీ గదిలోని మనిషికీ తట్ట మోసే మనిషికీ ఎండ ఒకటే, ఎంచుకునే వీలు మాత్రం ఒకటి కాదు. "మధ్యాహ్నం బయటికి రావద్దు" అని టీవీలో చెప్పే సలహా, రోజు కూలి మధ్యాహ్నమే ముడిపడి ఉన్నవాడికి సలహా కాదు.

గల్ఫ్‌కు పోయిన మా కరీంనగర్, జగిత్యాల పిల్లలు చెబుతారు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. 50 డిగ్రీల దాకా ఎండ చూసే దేశమే పని గడియారాన్ని జరపగలిగింది. అహ్మదాబాద్ నగరం 2010 వేసవిలో ఎంతోమందిని పోగొట్టుకున్నాక, 2013లో వేడి ప్రణాళిక రాసుకుంది. ముందస్తు హెచ్చరిక, ఆసుపత్రుల సన్నద్ధత, మంచినీళ్లు, ఇవే అందులో ఉన్నవి. ఖరీదైన యంత్రం ఏదీ లేదు.

మేస్త్రీలకు, ఉపాధి పని చూసే ఫీల్డ్ అసిస్టెంట్లకు, రైతులకు నేను చెప్పేది ఇదే. ఐదున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ఆపండి. పని చోట నీడ, నీళ్లు, ఒక బకెట్ అదనంగా ఉంచండి. కూలి కోయకుండా గంటలు మార్చండి. కూలి కోస్తే ఎవరూ నీడకు రారు.

12. చావును ఉన్నదున్నట్టు రాయించండి

ఎండకు పోయిన మనిషికి "గుండె ఆగింది" అని కారణం రాస్తారు. ఎవరికైనా చివరికి గుండె ఆగాల్సిందే కదా. వడదెబ్బ అని రాయకపోతే ఆ చావు ఏ లెక్కలోకీ రాదు, ఇంటివాళ్లకు సాయం రాదు, వచ్చే ఏడు ఆ ఊరికి హెచ్చరికా రాదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. అది అందాలంటే కాగితం ఉండాలి.

ఆ దుఃఖంలో కాగితాల సంగతి ఇంటివాళ్లకు తోచదు. ఇక్కడ కూడా పక్కనున్నవాడే మాట్లాడాలి. మనిషి ఎక్కడ పని చేశాడు, ఎన్ని గంటలకు పడిపోయాడు, అప్పుడు ఏం మాట్లాడాడు, చూసినవాళ్లు ఎవరు, ఇవన్నీ అదే రోజు ఒక కాగితం మీద రాసిపెట్టండి. డాక్టరుకు చెప్పండి, తహసీల్దారుకు తెలియజేయండి, పోస్టుమార్టం వద్దని తొందరపడి దహనం చేయొద్దని ఇంటివాళ్లకు నచ్చచెప్పండి. తర్వాత ఆ కాగితం నకలు ఒకటి పంచాయతీకి కూడా ఇవ్వండి. వచ్చే మార్చిలో గ్రామసభ జరిగినప్పుడు దాన్ని ముందు పెట్టి, ఈ ఏడు పని గంటలు ఎప్పుడు మారుస్తున్నారని అడగండి.